వీధిలో కూర్చున్న డ్రాయింగు టీచరమ్మ

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నానో లేదో, మా మనవరాలు తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో వేలితో అలా జరుపుకుంటూ పోతే ప్రొద్దుటూరు బజారులో నడిచిపోతున్నట్టే ఉంది. బంగారు అంగళ్ళు, గుడ్డల అంగళ్ళు, మైదుకూరు రోడ్డు, ఎండలో నిలబెట్టిన ఆటోలు, అన్నీ కనిపిస్తున్నాయి. "అవ్వా, ఇంక నువ్వు ఎండలో పోయి కూర్చునే పని లేదు, ఫ్యాను కింద కూర్చోని దీన్ని జూసి గీసుకో" అని అది ప్రేమతోనే అంది. కళ్ళజోడు సరిచేసుకుని దగ్గరగా చూశాను. మేడలు, బోర్డులు, కరెంటు తీగలు స్పష్టంగానే ఉన్నాయి గానీ వీధిలో నిలబడ్డ మనుషుల ముఖాలు మాత్రం తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు అలికేసి ఉన్నాయి. ఇదేమిటే ఇట్లా ఉన్నారని అడిగితే, రేపు ఎవరూ గొడవకు రాకుండా ఫోటో తీసినవాళ్ళే అట్లా చెరిపేస్తారని చెప్పింది.

గొడవకు రాకుండా అన్న ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. నేను పెన్సిలు పట్టుకుని వీధిలో కూర్చున్న ఇన్నేళ్ళలో ఎవరో ఒకరు గొడవకు రాకుండా పూర్తయిన బొమ్మలు ఉన్నాయా అంటే, ఉన్నాయేమో గానీ నాకు గుర్తులేవు. నా ఈడువాళ్ళకు, ముఖ్యంగా ఆ రోజుల్లో మా వైపు ఉద్యోగాలు చేసిన ఆడవాళ్ళకు, ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ ఉండదు. మనవరాలికే చెప్పాలని నోరు తెరిచాను గానీ అది ఫోను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అందుకని మీకు చెబుతున్నాను.

మాది జమ్మలమడుగు. ముత్తాతల కాలంలో దొరలు వచ్చి మిషను పెట్టినప్పుడు మావాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. మా నాయన మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. ఆసుపత్రి వెనకాల మాకిచ్చిన ఇల్లు చిన్నదే అయినా నేలంతా కడప బండలు పరిచి ఉండేది. నల్లటి ఆ బండ మీద సుద్దముక్కతో గీస్తే గీత ఎంత బాగా తేలుతుందో మా వైపు పుట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు. పల్లెల నుంచి రోగుల వెంట వచ్చినవాళ్ళు ఆసుపత్రి ఆవరణలో వేపచెట్ల కింద మూడు రాళ్ళు పెట్టుకుని సంగటి వండుకుంటూ, పిల్లలకు తలలు దువ్వుకుంటూ, ఒక్కోసారి గుండెలు బాదుకుని ఏడుస్తూ కనిపించేవాళ్ళు. నేను కిటికీలోంచి వాళ్ళను చూసి బండ మీద గీసేదాన్ని. సాయంత్రం మా అమ్మ బిందెడు నీళ్ళు కొట్టి ఆ మనుషులందరినీ కడిగేసేది. పొద్దున బండలు ఆరగానే నేను మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఆమె కడగడం మానలేదు, నేను గీయడం మానలేదు, ఇద్దరికీ కోపమూ రాలేదు.

బడిలో మా డ్రాయింగు మాస్టరు కుండ, మామిడికాయ, చిలుక తప్ప మరొకటి గీయనిచ్చేవారు కాదు. మనుషులను గీస్తే మార్కులు పడవని ఆయన నమ్మకం. ఆ కుండలూ చిలుకలే గీసి గీసి డ్రాయింగులో లోయరు, హయ్యరు పరీక్షలు పాసయ్యాను. ట్రైనింగు కూడా ముగించి, ప్రొద్దుటూరులో ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా చేరాను. ఆ రోజుల్లో డ్రాయింగు టీచరంటే స్వాగతం బోర్డులు రాయడానికి, జెండా పండుగకు ముగ్గులు వేయించడానికి, పైఅధికారి వస్తున్నాడంటే గోడలకు చార్టులు అంటించడానికి ఉండే మనిషి. అవన్నీ చేశాను, కాదనను. కానీ రోజూ బడికి నడిచే దారిలో నూనె మిల్లు ముందు శనక్కాయల బస్తాలు దించే హమాలీలు, సందులలోంచి వినిపించే మగ్గాల చప్పుడు, మిద్దెల మీద మిరపకాయలు ఆరబోస్తూ పక్క మిద్దె మీది మనిషితో కబుర్లాడే ఆడవాళ్ళు కనిపిస్తుంటే నా చెయ్యి ఊరుకునేది కాదు.

ఒక శనివారం ఒంటిపూట బడి వదిలాక, పిల్లల దగ్గర అడిగి తీసుకున్న పరీక్ష అట్టకు కాగితం బిగించుకుని, బజారులో మూతపడిన ఒక అంగడి మెట్ల మీద కూర్చున్నాను. పెన్సిలు చెక్కడం పూర్తికాకముందే చుట్టూ జనం మూగారు. ఇల్లు తప్పిపోయానేమోనని ఒకరు, జనాభా లెక్కలకు వచ్చానేమోనని ఒకరు, రోడ్డు వెడల్పు చేయడానికి అంగళ్ళు కొట్టేస్తారు కాబోలని ఒకరు, నా ముఖం మీదే మాట్లాడుకున్నారు. వాళ్ళు అడ్డం నిలబడితే నాకు ఎదురుగా పంచెలు, ప్యాంట్లు తప్ప ఏమీ కనపడలేదు. జరగండప్పా అని రెండుసార్లు అడిగి, విసుగొచ్చి, అడ్డం నిలబడినవాళ్ళనే గీయడం మొదలుపెట్టాను. తమ బొమ్మ కాగితం మీదికి ఎక్కుతోందని తెలిసేసరికి ఒక్కొక్కరే సర్దుకుని జారుకున్నారు. ఆ ఉపాయం నాకు తర్వాత ఎన్నో ఊళ్ళలో పనికొచ్చింది.

ఇదంతా ఎదురుగా గాజుల అంగడిలో కూర్చున్న ఒక ముస్లిం ఆమె చూసింది. వాళ్ళాయన కువైటులో ఉంటే అంగడి తానే నడుపుకునేది. ఊరంతా ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్ళు. ఆమె నన్ను చెయ్యెత్తి పిలిచింది.

"ఈడికి రా టీచరమ్మా, ఈడ నీడుంది. ఎవుడేమంటాడో నేను జూస్తా."

ఆ రోజు నుంచి ఆ అంగడి ముందున్న బండ నా చోటైపోయింది. గాజులు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు నేనెవరని అడిగితే మా ఇంటి మనిషే అనేది. తనను మాత్రం గీయనిచ్చేది కాదు, చేతులు గీసుకొమ్మనేది. ఎందరో ఆడవాళ్ళ చేతులకు గాజులు తొడుగుతున్న ఆ రెండు చేతులను ఎన్నిసార్లు గీశానో చెప్పలేను.

సంగతి మా హెడ్మిస్ట్రెస్ దాకా పోవడానికి ఎంతోకాలం పట్టలేదు. ఆమె నన్ను గదిలోకి పిలిచి, బడి టీచరు నడిబజారులో కూర్చుంటే పిల్లల తల్లిదండ్రులు ఏమనుకుంటారని అడిగింది. మన మగ టీచర్లు సాయంత్రమైతే టీ అంగడి ముందు బెంచీ మీద కూర్చుంటున్నారు కదా మేడమ్, వాళ్ళను ఏమనుకుంటున్నారో నన్నూ అదే అనుకుంటారన్నాను. ఆమె తల పట్టుకుంది గానీ మెమో ఇవ్వలేదు. ఆమెకు లోపల్లోపల నవ్వొచ్చిందని నా అనుమానం.

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. మా మేనత్త ఒక పల్లెలో మిషను బడి టీచరు. ఆ పల్లె పేరు రాయను. భయపడి కాదు, నేను చెప్పబోయే ఇంటి పిల్లలు ఇప్పుడు ఎక్కడో మర్యాదగా బతుకుతున్నారు, తాతల సంగతులు తెచ్చి వాళ్ళకు అంటగట్టడం న్యాయం కాదు. అవి మా వైపు కక్షలు రగులుతున్న రోజులని మీకు తెలుసు. పొద్దు వాలకముందే వాకిళ్ళు మూసుకునేవాళ్ళు, ఇంటి మగవాడు చెప్పిన వేళకు రాకపోతే ఆడవాళ్ళకు అన్నం దిగేది కాదు. వేసవి సెలవుల్లో నేను మేనత్తను చూడటానికి పోయాను. వాళ్ళ వీధి చివర రాతి గోడల ఇల్లొకటి ఉండేది. పెద్ద వాకిలి, రెండు పక్కలా అరుగులు, మిద్దె అంచున మొలిచి ఎండిపోయిన గడ్డి, పొద్దుటి ఎండ పడితే ఒక్కో రాయి ఒక్కో రంగు. అంత అందమైన ఇల్లు నేను అంతకుముందు చూడలేదు. ఎవరిదని కూడా అడగకుండా ఎదురింటి అరుగు మీద కూర్చుని గీయసాగాను. బర్రెలకు కుడితి పెడుతూ మాటిమాటికీ సందువైపు చూస్తున్న ఆడమనిషిని గీశాను. పక్క సందులోకి తెరుచుకునే చిన్న తలుపును గీశాను. గోడకు ఆనుకుని కూర్చున్న కాపలా మనిషిని, అతని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్న తుపాకినీ గీశాను.

ఇద్దరు మనుషులు వెనక నుంచి వచ్చి అట్ట లాక్కున్నారు.

"ఏంది గీస్తాండావు? యాడిదానివి నువ్వు?"

నేను చెప్పేది వినకుండా నన్ను ఆ వాకిలి దాటించి లోపలికి తీసుకుపోయారు. ఇంటి పెద్ద నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. గొంతు పెంచే అవసరం ఎన్నడూ రాని మనిషి అని చూడగానే తెలిసింది. కాగితం చేతిలోకి తీసుకుని, ఎవురు పంపిచ్చినారమ్మా నిన్ను అని మెల్లగా అడిగాడు. ఎవరూ పంపలేదని, ప్రొద్దుటూరులో డ్రాయింగు టీచరునని, ఈ ఊరి మిషను బడి టీచరమ్మకు మేనకోడలినని చెప్పాను. అప్పుడు గానీ నా పని వాళ్ళకు ఎట్లా కనపడిందో నాకు అర్థం కాలేదు. పగవాళ్ళు ఇంటి మీదికి రావాలంటే ముందు తెలుసుకోవలసినవి ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది, కాపలా ఎక్కడ కూర్చుంటుంది అన్న రెండు సంగతులే. ఆ రెండూ నా కాగితం మీద ఉన్నాయి.

"సందు తలుపు ఎందుకు గీసినావు?"

"ఆడ తలుపుంది గదప్పా, అందుకు గీసినా."

ఆయన బొమ్మ మీద వేలు జరుపుకుంటూ పోయాడు. బొటనవేలు కాపలా మనిషి దగ్గర ఆగింది.

"ఇల్లు బాగా గీసినావు. ఈ తుపాకి ఒకటి తుడిపెయ్. బొమ్మ తీసుకోని పో."

నిజానికి ఆయన అడిగింది పెద్ద పని కాదు. రబ్బరు నా చేతిలోనే ఉంది. రెండు రుద్దులు రుద్దితే పోయేది, నేనూ మధ్యాహ్నం బస్సుకు ఇంటికి చేరేదాన్ని. కానీ ఆసుపత్రి ఆవరణలో మంచాల మీద మోసుకొచ్చిన మనుషులను, వాళ్ళకు కట్లు కడుతున్న మా నాయనను, వేపచెట్ల కింద నేల మీద పడి దొర్లిన ఆడవాళ్ళను కిటికీలోంచి చూస్తూ పెరిగినదాన్ని నేను. తుపాకి తుడిచేస్తే గోడకు ఆనుకున్న మనిషి కునుకుతున్న ముసలాయన అవుతాడు. కుడితి పెడుతున్న ఆడమనిషి చూపుకు అర్థమే ఉండదు. అది ఆ ఇల్లు కాదు, అబద్ధం. ఇట్లా ఆలోచించే తీరిక అప్పుడు ఉందని కాదు. నోట్లోంచి మాట మాత్రం వచ్చేసింది.

"తుడపలేనప్పా. మీరు ఆయప్ప చేతిలోంచి దాన్ని తీపిచ్చండి, ఈడనే కూర్చోని ఇంగో బొమ్మ గీసిస్తా."

నన్ను తెచ్చినవాళ్ళలో ఒకడు ముందుకు కదిలాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. లోపల వంటింటి వైపు నుంచి ఒక ఆడగొంతు నవ్వి, వెంటనే ఆపుకున్నట్టు వినిపించింది. ఆ నవ్వు ఆయన భార్యదని తర్వాత మేనత్త చెప్పింది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం అంతకుముందు ఎవరూ వినలేదట. ఆయన ముఖం ఎర్రబడింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"టీచరుకు శానా పొగరుంది. నా ఇంటి బొమ్మ నా కాడ ఉంటాది. ఇంగ బస్సెక్కు."

"ఇల్లు మీది. బొమ్మ నాది. ఎప్పుడన్నా ఇచ్చి పంపండి" అని అట్ట తీసుకుని బయటికి వచ్చాను. ఆయన ఎన్నడూ పంపలేదు. మా మేనత్త నా సంచి సర్దుతూ ఏడ్చింది, ఏడుస్తూనే నన్ను తిట్టింది, బస్సు కదిలాక కూడా తిడుతూనే ఉంది.

సెలవులు ముగియకముందే నన్ను పులివెందులకు బదిలీ చేసినట్టు కాగితం వచ్చింది. కారణం ఏమీ రాయలేదు. పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఆ పల్లెకు పోయి తప్పయిందని చెప్పుకుంటే బదిలీ ఆగిపోతుందని ఎవరో మా నాయన చెవిన వేశారు. ఆయన డ్యూటీ నుంచి వచ్చి, చేతులకు అంటిన టింక్చరు మరకలు కూడా కడుక్కోకుండా నా ఎదురుగా కూర్చున్నాడు.

"పోతావామ్మా?"

"పోను నాయనా."

"పోవద్దులే" అన్నాడు. చేతులు కడుక్కోవడానికి లేస్తూ, "పులివెందులలో గూడా మనుషులే ఉంటారు" అన్నాడు.

ఆ వేళకు ప్రొద్దుటూరులోనే ఒక సంబంధం దాదాపు కుదిరినట్టే ఉంది. మగపెళ్ళివాళ్ళు ఈ సంగతి విని, పెళ్ళయ్యాక రోడ్ల మీద కూర్చుని బొమ్మలు గీయడం కుదరదని కబురు పెట్టారు. అబ్బాయినే వచ్చి ఆ మాట నాతో చెప్పమన్నాను, శనివారం మధ్యాహ్నం ఆపా అంగడి ముందు ఉంటానని చెప్పి పంపాను. అబ్బాయి రాలేదు. ఆపా ఆ సాయంత్రం నా రెండు చేతులకూ మట్టిగాజులు నిండుగా తొడిగింది. గీసేటప్పుడు గలగలమనాల, ఎవురొచ్చి కూర్చున్నారో వీధికి తెలియాల అంది. పులివెందుల పోయేటప్పుడు ఆ గాజులతోనే బస్సెక్కాను.

పులివెందులలో నాకంటే ముందే నా కథ చేరింది. మొదటి శనివారం బస్టాండులో, మా వైపు చీనీకాయలనే బత్తాయిల గంపల పక్కన చోటు చూసుకుని కూర్చుంటే ఎవరూ మూగలేదు, అడ్డం నిలబడలేదు, అసలు నా దగ్గరికే రాలేదు. చుట్టూ ఖాళీ చేసి దూరం నుంచి చూశారు. ప్రొద్దుటూరులో జనం మీద పడి ఊపిరాడనివ్వకపోయినా నాకు ఇంత బరువనిపించలేదు. లేచి పోదామా అని ఒక్క క్షణం అనిపించింది. అప్పుడే ఒక బస్సు వచ్చి సరిగ్గా నా ఎదురుగా ఆగింది. నేను గీస్తున్న టీ అంగడి పూర్తిగా కనపడకుండా పోయింది. అంతలో కంట్రోలరు గదిలోంచి ఒకాయన బయటికి వచ్చి అరిచాడు.

"ఓ డ్రైవరప్పా, బండి రవ్వంత ముందుకు పెట్టు, టీచరమ్మకు అడ్డమొస్తాంది!"

బస్సు కదిలింది. ఆయన నా వైపు చూడకుండా గదిలోకి పోయాడు. ఆ తర్వాత నేను అక్కడ కూర్చున్న ప్రతిసారీ బస్సులను జరిపించాడే గానీ, ఏమి గీస్తున్నానో చూడటానికి ఒక్కసారీ రాలేదు. ఎందుకు రారని చివరికి నేనే పోయి అడిగాను. పిలవందే ఎట్లా వస్తానన్నాడు. ఆ మనిషినే పెళ్ళి చేసుకున్నాను. ఇప్పుడాయన లేరు. ఉన్నంతకాలం నేను ఎక్కడ కూర్చున్నా అడ్డం వచ్చినవాటిని జరిపిస్తూనే ఉన్నారు.

పులివెందుల బడిలో ఆడపిల్లలు కొందరు తామూ వస్తామన్నారు. హెడ్మాస్టరు ఒప్పుకోలేదు. రోడ్డు మీద ఏమన్నా అయితే ఎవురిది బాధ్యత అన్నాడు. నాదేనన్నాను. శనివారం వాళ్ళను వెంటబెట్టుకుని బజారుకు పోయి, ఒక మిద్దె నీడన వరసగా కూర్చోబెట్టాను. ఒకమ్మాయి సైకిలు రిపేరు అంగడి గీస్తే, మరొకమ్మాయి ఎండలో కునుకుతున్న మేకను గీసింది. బాగా గీసే పిల్ల ఒకతె ఉండేది, గోడ మీద పడిన నీడ చూస్తే వేళ ఎంతయిందో చెప్పగలిగినట్టు గీసేది. వాళ్ళ నాన్న వచ్చి అందరి ముందు రెక్క పట్టుకుని లేపి తీసుకుపోయాడు. నేను అడ్డం పోయాను, బతిమాలాను, చివరికి గొంతు పెంచి అరిచాను కూడా. ఆ పిల్ల మళ్ళీ రాలేదు, ఆ ఏడే బడి కూడా మానిపించారు. నేను గెలవని రోజు అది. తర్వాతి వారం ఇంక ఒక్కరూ రారనుకుంటూ పోయి కూర్చున్నాను. మిగిలినవాళ్ళంతా వచ్చారు. చెల్లెళ్ళను కూడా తెచ్చారు.

ఇప్పుడు ఆ వీధులు లేవని కన్నీళ్ళు పెట్టుకోమంటే పెట్టుకోను. అరుగుల మీద తుపాకులు పెట్టుకుని కూర్చునేవాళ్ళు పోయారు, పోవలసిందే. ఆ రోజులే బాగుండేవని మా ఈడువాళ్ళు అంటే నేను పోట్లాటకు దిగుతాను. రాతి ఇళ్ళు పడగొట్టి అద్దాల మేడలు కట్టుకున్నారు, కట్టుకోనీ. ఆపా పోయింది, ఆమె అంగడి చోట ఇప్పుడు సెల్ ఫోన్లు అమ్ముతున్నారు. నాకు అర్థం కానిది ఒకటే. పోయిన శనివారం మడత కుర్చీ పట్టుకుని జమ్మలమడుగు పాత వీధిలో, రేపో మాపో పడగొట్టబోయే ఒక మిద్దె ఎదురుగా పొద్దు వాలేదాకా కూర్చున్నాను. ఒక్కరు వచ్చి మూగలేదు. ఎవరి ఇల్లు, ఎందుకు గీస్తున్నావు, ఎవరు పంపారని నిలదీయలేదు. వద్దనలేదు. బండ్ల మీద అటూ ఇటూ పోయారు. ఒకప్పుడు ఏ ఊళ్ళో అయినా ఊరంతా ఒక పక్క, నేనొక పక్క నిలబడి కొట్లాడి తెచ్చుకున్నది ఇట్లా వీధిలో కూర్చునే చోటే. ఇప్పుడు ఎవరూ అడ్డుపడటం లేదు, ఎవరూ వచ్చి కూర్చోవడమూ లేదు.

మోకాళ్ళు సహకరించినంతకాలం నేను కూర్చుంటాను. ఏ ఆడపిల్ల అయినా అట్ట పట్టుకుని వస్తే నీడలో తనకూ చోటుండాలని, నా కుర్చీని కాస్త పక్కకు జరిపి వేసుకుంటున్నాను.